ముందు వచ్చినవారా, ముందు చూడవలసినవారా?

(మహిళల కార్యక్రమంలో చదివిన ప్రసంగం)



పొద్దున్న ఏడు గంటలప్పుడు మన వంటిళ్ళు ఎలా వుంటాయో ఒక్కసారి తలుచుకోండి. ఒక పొయ్యి మీద పాలు. ఇంకో పొయ్యి మీద పప్పు కుక్కరు. జడ వెయ్యమని అమ్మాయి దువ్వెన పట్టుకు నిలబడి వుంటుంది. కాఫీ ఏదీ అని హాల్లోంచి ఆయన కేక. గుమ్మంలో కూరలబ్బాయి చిల్లర కోసం ఎదురుచూపు. వీళ్ళలో అందరికన్నా ముందు వచ్చినవాడు కూరలబ్బాయి. అందరికన్నా గట్టిగా అరిచినవారు ఇంటాయన. కాని మన చెయ్యి ముందు ఎక్కడికి పోతుంది? పాలగిన్నె మీదికి. ఎందుకంటే ఒక్క క్షణం ఆలస్యమైతే పొంగిపోయేవి పాలే. పాలు కేక వెయ్యవు సుమండీ! అయినా మన కన్ను వాటి మీదే వుంటుంది.

ఇదే పనిని పాలతో కాకుండా ప్రాణాలతో చెయ్యవలసివస్తే? పెద్దాస్పత్రి క్యాజువాల్టీ గుమ్మంలో నిలబడే సిస్టరు చేసేది సరిగ్గా ఆ పనే. వచ్చినవాళ్ళందరినీ ఒక చూపు చూసి, ఎవరిని ఈ క్షణమే లోపలికి తోయించాలి, ఎవరు పది నిమిషాలు ఆగగలరు, ఎవరు గంట కూర్చున్నా ప్రమాదం లేదు అని వేరుచెయ్యడం. దీనికి ట్రయాజ్ అని పేరు. ఫ్రెంచి భాషలోంచి వచ్చిన మాట. ఏరడం, వేరుచెయ్యడం అని అర్థం. మనం చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు వేరు, మెరికలు వేరు ఏరుకుంటామే, అలాంటిదన్నమాట.

నెపోలియన్ సైన్యంలో లారే అనే శస్త్రవైద్యుడు వుండేవాడు. రెండువందల ఏళ్ళ క్రితం సంగతి. యుద్ధభూమిలో గాయపడినవాళ్ళను చూసేటప్పుడు ముందు అధికారులు, తరవాత సిపాయిలు అనే వరస ఆయన ఒప్పుకోలేదు. హోదాతో పని లేదు, ఎవరి గాయం ప్రాణాంతకమో వారికే ముందు చికిత్స అన్నాడు. వినడానికి చిన్న మాటే. కాని ఇవ్వాళ్టికీ ఆస్పత్రి గుమ్మంలో మనం పోట్లాడేది ఆ మాట మీదే.

మా వీధిలో ఒకావిడ వున్నారు. మొన్నామధ్య వాళ్ళబ్బాయి చెయ్యి బెణికితే ఒక ఆస్పత్రికి తీసుకువెళ్ళారు. వచ్చి నాతో ఒకటే గోల. “గంటన్నర కూర్చోబెట్టారండీ! మా తరవాత వచ్చిన ముసలాయన్ని చక్రాలకుర్చీలో గబగబా తోసుకుపోయారు. ఆయనకి దెబ్బా లేదు, నెత్తురూ లేదు. కడుపులో గ్యాసుట!” అని. నేను అడిగాను, “ఆయనకి చెమట్లు పడుతున్నాయా వదినా?” అని. “ఆఁ, చొక్కా తడిసిపోయింది” అన్నారావిడ. అదండీ సంగతి. షుగరున్న పెద్దవాళ్ళకీ, మన ఆడవాళ్ళకీ కూడా, గుండెపోటు ఒక్కోసారి గుండెల్లో నొప్పిగా రాదు. పైకడుపులో మంటగా, దవడ లాగుతున్నట్టుగా, ఆయాసంగా, చల్లటి చెమటగా వస్తుంది. అలాంటివారికి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తియ్యాలన్నది నియమం. ఆ సిస్టరు గ్యాసు అన్న మాట విన్నది, కాని తడిసిన చొక్కాను చూసింది. బెణికిన చెయ్యికి గంటన్నర తరవాత కట్టు కట్టినా అది చెయ్యే. గుండె అలా ఆగదు.

ఈ ఏరికకి దేశదేశాల్లో పద్ధతులున్నాయి. ఆస్ట్రేలియాలో అయిదు మెట్లు పెట్టుకున్నారు. మొదటి మెట్టువారిని తక్షణం, రెండో మెట్టు పది నిమిషాల్లో, మూడోది అరగంటలో, నాలుగోది గంటలో, అయిదోది రెండు గంటల్లో చూడాలి. మన రద్దీకి అన్ని మెట్లు కుదరవని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మూడే రంగులతో ఒక పద్ధతి తయారుచేసి 2020లో ప్రచురించారు. ఎరుపంటే ఇప్పుడే. పసుపంటే త్వరగా, కాని కన్నేసి వుంచాలి. ఆకుపచ్చంటే ఆగవచ్చు.

మరి సిస్టరు దేన్ని చూసి రంగు వేస్తుంది? మొహం చూసి కాదు, చీర చూసి అసలే కాదు. ముందు ఊపిరి. పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. 30 దాటిందంటే ఎంత మామూలుగా కూర్చున్నా ఎరుపే. తరవాత నాడి. ఆ తరవాత రక్తపోటు, వేలికి తొడిగే చిన్న పరికరంతో ఆక్సిజను, జ్వరం, షుగరు. మనిషి పిలిస్తే పలుకుతున్నాడా, గిల్లితేగాని కదలడంలేదా అన్నది ఇంకా ముఖ్యం. గోరు నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. రెండు సెకన్లు దాటినా ఎర్రబడకపోతే రక్తం సరిగ్గా తిరగడంలేదని అనుమానించాలి.

ఇందులో ఒక కిటుకు వుందండీ. వయసులో వున్నవాళ్ళకి లోపల రక్తస్రావం అవుతున్నా చాలాసేపు రక్తపోటు పడిపోదు. వొళ్ళు ఎలాగో సర్దుకుంటుంది. నాడి మాత్రం పరుగెడుతుంది, చేతులు చల్లబడతాయి. రక్తపోటు పడిపోయేసరికి చేతిలో మిగిలిన సమయం తక్కువ. బీపీ బాగానే వుందిగా అని పక్కన కూర్చోబెట్టే సిస్టరుకీ, నాడి పట్టుకుని మొహం చిట్లించే సిస్టరుకీ మధ్య తేడా అదే. చదువొక్కటే చాలదు, చెయ్యి కూడా తెలియాలి.

ఇంతవరకూ పట్నం సంగతి చెప్పాను. ఇప్పుడు మిమ్మల్ని కొండ ఎక్కిస్తాను.

అరకులోయ మనకి తెలియనిది కాదు. శీతాకాలం వచ్చిందంటే వలిసెపూలు చూడాలనీ, వంజంగి మేఘాలు చూడాలనీ, లంబసింగి చలి చూడాలనీ పిల్లల్ని వేసుకుని బయల్దేరతాం. విశాఖనుంచి అరకుకి సుమారు 115 కిలోమీటర్లు. తొమ్మిదివందల మీటర్లకి పైన వున్న వూరు. కిటికీలోంచి చూసేవారికి ఆ మలుపులు అందంగానే వుంటాయి. బండిలో పడుకోబెట్టిన రోగికి ఒక్కొక్క మలుపూ ఒక పరీక్ష. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతమంతా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. జిల్లాకేంద్రం పాడేరు. 2024లో అక్కడ ప్రభుత్వ వైద్యకళాశాల కూడా మొదలయింది. మంచిదే. అయినా ఇవాళ్టికీ తలకి పెద్ద దెబ్బ తగిలినా, పెద్ద ఆపరేషను కావలసివచ్చినా చూపు విశాఖ కేజీహెచ్ వైపే, అంటే కొండ కిందికే.

అంచేత కొండ మీద సిస్టరుకి ప్రశ్న ఒకటి కాదు, రెండు. పట్నంలో “ఎవరిని ముందు చూడాలి” అంటే సరిపోతుంది. అక్కడ “ఎవరిని కిందికి పంపాలి” అన్నది కూడా వుంది. గుమ్మంలో వున్నది ఒక్క 108 బండి అనుకోండి. అది ఒకరిని ఎక్కించుకుని ఘాట్ దిగి, మళ్ళీ ఎక్కి వచ్చేసరికి పూట గడిచిపోతుంది. అనవసరంగా ఒకరిని పంపితే, తరవాత వచ్చిన అవసరమైనవారికి బండి వుండదు. పంపవలసినవారిని పంపకపోతే తెల్లారేసరికి ఏమవుతుందో చెప్పలేం. ఎక్కువ అంచనా వేసినా తప్పే, తక్కువ అంచనా వేసినా తప్పే. ఈ రెండు తప్పుల మధ్య సన్నటి గట్టు మీద నడవాలి.

ఇంకో కష్టం భాష. అక్కడ తెలుగు తెలిసినవారున్నారు, కువి మాట్లాడేవారున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారున్నారు. నొప్పి ఎక్కడ, ఎప్పట్నించి, ఏం తిన్నావు అనే నాలుగు ప్రశ్నలు ఆ భాషల్లో అడగడం రాకపోతే సిస్టరు చదువు సగం వృథా. పైగా చాలామంది గిరిజనులు గొడవ చెయ్యరు. కిలోమీటర్ల కొద్దీ నడిచి వచ్చి, వరండా చివర ఒదిగి కూర్చుంటారు. కారు దిగిన మనం మాత్రం తిన్నగా టేబులు దగ్గరికి వెళ్ళి నిలబడతాం. ఎవరు ఎంత బిగ్గరగా అడిగారన్నదాన్ని బట్టి వరస కడితే, వరండా చివర కూర్చున్నవారి వంతు ఎప్పటికీ రాదు.

కొండల్లో కనబడే కొన్ని కేసులు చెబుతాను. సిస్టరు కన్ను ఎంత పదునుగా వుండాలో మీకే తెలుస్తుంది.

తెల్లవారుజామున ఒక యువకుణ్ణి తెచ్చారనుకోండి. రాత్రి నేలమీద పడుకున్నాడు. కడుపునొప్పి అంటున్నాడు. గాయం లేదు, వాపు లేదు. అజీర్ణం అనిపిస్తుంది. కాని తెలిసిన సిస్టరు అతని కళ్ళవంక చూస్తుంది. రెప్పలు వాలిపోతున్నాయా? మాట ముద్దగా వస్తోందా? అయితే అది కట్లపాము కాటు కావచ్చు. కట్లపాము రాత్రిపూట నిద్రలో వున్నవారిని కరుస్తుంది. నొప్పి వుండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. విషం నరాలమీద పనిచేసి చివరికి ఊపిరి కండరాలను ఆపేస్తుంది. ఇతను నడిచి వచ్చినా ఎరుపే. అదే రక్తపింజరి అయితే రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది. దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజుగొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా వుంచి, వొంచి చూస్తే చాలు. గడ్డకట్టకుండా జారిందంటే విషం ఎక్కినట్టే. విరుగుడు మందు మొదలుపెట్టి, ఊపిరి కనిపెట్టుకుంటూ, ఆ తరవాతే ప్రయాణం మాట.

జ్వరంతో పిల్ల వచ్చింది. కొండల్లో మలేరియా పాత శత్రువు. జ్వరంతో ఏడుస్తున్న పిల్లకన్నా, ఏడుపు మానేసి మత్తుగా తల్లి భుజంమీద వాలిపోయిన పిల్ల ఎక్కువ ప్రమాదంలో వున్నట్టు. ఫాల్సిపారం మలేరియా మెదడుకి ఎక్కితే మత్తు, ఫిట్సు వస్తాయి. రక్తంలో చక్కెర కూడా పడిపోతుంది. వేలు పొడిచి ఒక్క చుక్కతో చేసే పరీక్ష, చక్కెర పరీక్ష, రెండూ గుమ్మంలోనే అయిపోవాలి. నిశ్శబ్దంగా వున్న బిడ్డని ముందు చూడు అన్నది పిల్లల ఆస్పత్రుల్లో మొదటి పాఠం.

ఒంట్లో నొప్పులు నొప్పులు అని మెలికలు తిరిగిపోతూ ఒక కుర్రాడు వచ్చాడు. పైకి ఏమీ లేదు. నటిస్తున్నాడేమో అనిపిస్తుంది. కొండల్లో గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు వుంది. ఎర్రకణాలు కొడవలి ఆకారంలో వొంగిపోయి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అది పెట్టే బాధ నటన కాదు. దానితోపాటు జ్వరమో, గుండెల్లో నొప్పో, ఆయాసమో వుంటే ఇక ఆగకూడదు. ఆ కుటుంబాలు ఎక్కువగా ఎక్కడున్నాయో తెలిసిన సిస్టరుకే ఆ అనుమానం ముందు వస్తుంది. దేశమంతటా ఈ జబ్బును పట్టుకోవడానికి 2023లో ప్రత్యేక కార్యక్రమం పెట్టారు.

ఇక మన ఆడవాళ్ళ సంగతి. రోడ్డులేని గూడెంనుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తారు. వెదురుబొంగుకి దుప్పటి కట్టి, ఇద్దరు ముందూ వెనకా పట్టుకుని వాగులు దాటించుకుని తెస్తారు. డోలీ బాధ తప్పించడానికే 2018లో మోటారుసైకిలుకి పక్కబండి తగిలించిన ఫీడర్ అంబులెన్సులు ప్రవేశపెట్టారు. సన్నటి దారిలో పెద్దబండి పోలేనిచోటికి అవి పోతాయని ఆ ఏర్పాటు. నిజానికి ఈ తల్లి విషయంలో ఏరిక ఆస్పత్రి గుమ్మంలో కాదు, గూడెంలోనే మొదలవ్వాలి. ఆశా కార్యకర్త ఆమె పాదాలవాపు చూసి, తలనొప్పి వుందా, కళ్ళు మసకలుగా వున్నాయా అని అడగాలి. రక్తపోటు 140, 90 దాటితే జాగ్రత్త. 160, 110 దాటితే ప్రమాదం. ఫిట్సు రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షను ముందు ఇచ్చి, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, అప్పుడు బండి ఎక్కించాలి. వట్టినే ఎక్కించి పంపితే ఏ మలుపులోనో ఫిట్సు వస్తుంది. “ముందు నిలబెట్టు, తరవాత కదుపు” అన్నది కొండదారి సూత్రం. పంపేటప్పుడు కింది ఆస్పత్రికి ఫోను చేసి, ఏమయింది, ఏం ఇచ్చాం, ఎన్నింటికి ఇచ్చాం అని చెప్పడం కూడా చికిత్సలో భాగమే. ఆ నాలుగు ముక్కలు చీటీ మీద లేకపోతే కింద వాళ్ళు మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టాలి.

ఒక్కసారే పదుగురు వచ్చిపడితే? 2021 ఫిబ్రవరి 12 సాయంత్రం, అరకు చూసి తిరిగివస్తున్న హైదరాబాదు యాత్రికుల బస్సు అనంతగిరి మండలం డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు పోయారు. గాయపడినవారిని శృంగవరపుకోట ఆస్పత్రికీ, కేజీహెచ్ కీ తరలించారు. అంతకు ముందు ఏడు, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంనుంచి స్టైరిన్ ఆవిరి వెలువడినప్పుడు వందలమంది, వారిలో ఎందరో చిన్నపిల్లలు, కేజీహెచ్ కి వచ్చిపడ్డారు. అలాంటప్పుడు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగే తీరిక వుండదు. 1983లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో తయారుచేసిన ఒక తేలిక పద్ధతి వుంది. “నడవగలిగినవాళ్ళు ఆ పక్కకి రండి” అని కేక వెయ్యాలి. వచ్చినవారందరూ ఆకుపచ్చ. మిగిలినవారిలో ఊపిరి నిమిషానికి 30 దాటినా, రక్తం సరిగ్గా తిరగకపోయినా, “చెయ్యి ఎత్తు” అంటే ఎత్తలేకపోయినా ఎరుపు. తక్కినవారు పసుపు. మనిషికి అరనిమిషమో నిమిషమో, అంతే.

ఇక్కడ నాలుగో రంగు ఒకటి వుంది, నలుపు. గొంతు సర్ది దారి చేసినా ఊపిరి తియ్యనివారికి అది. మామూలు రోజుల్లో అలాంటి ఒక్క మనిషికోసం ఆస్పత్రి అంతా పరుగెడుతుంది. పదిమంది నేలమీద వున్నరోజున, ఆ ఒక్కరి దగ్గర ఆగిపోతే బతకగల ముగ్గురు పోతారు. ఆ రంగు వెయ్యడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. వేసినావిడ కూడా ఒక తల్లే, ఒక కూతురే.

మరి ఈ విద్య సిస్టర్లకి ఎక్కడ అబ్బుతుంది? మన దేశంలో అత్యవసర వైద్యాన్ని వైద్యులకి ప్రత్యేక శాఖగా గుర్తించిందే 2009లో. 108 బండి మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలయింది. అంటే ఇది కొత్త విద్య. నర్సులకి అత్యవసర, విపత్తు సేవల్లో ఏడాది డిప్లొమా వుంది. కాని చదివినవారందరూ క్యాజువాల్టీలోనే వుంటారని లేదు. ప్రసవాల గదినుంచి ఒకర్ని, వార్డునుంచి ఒకర్ని క్యాజువాల్టీకి మార్చుతూ వుంటారు. చిన్న ఆస్పత్రుల్లో రాత్రిపూట సూది వేసేదీ, పురుడు పోసేదీ, రిజిస్టరు రాసేదీ, గుమ్మంలో రంగు వేసేదీ ఒక్క సిస్టరే అయ్యే పరిస్థితి వుంటుంది. నేర్చుకున్నది వాడకపోతే తుప్పు పడుతుంది. సంగీతం లాగే దీనికీ సాధన కావాలి. ఆర్నెల్లకో ఏడాదికో ఒకసారి కాగితం మీద పదిమంది రోగుల్ని రాసిచ్చి, “రంగులు వెయ్యండి, ఎందుకు వేశారో చెప్పండి” అని అడిగితే చాలు, ఎక్కడ పొరపడుతున్నారో బయటపడుతుంది. గోడమీద పెద్దక్షరాల పట్టిక, పనిచేసే బీపీ మిషను, వేలికి తొడిగే పరికరానికి బాటరీలు, ఇవన్నీ వుండాలి. అన్నిటికన్నా ముఖ్యం అధికారం. సిస్టరు ఎరుపు అంటే లోపలివాళ్ళు లేచి రావాలి. “నువ్వెవరు చెప్పడానికి” అనేచోట ఎంత చదివినా లాభం లేదు.

ఒకసారి వేసిన రంగు శాశ్వతం కాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. పసుపువారు ఎరుపు కావచ్చు. అంచేత కూర్చున్నవారిని మళ్ళీ మళ్ళీ వచ్చి చూడాలి. పప్పు పొయ్యిమీద పెట్టి మరిచిపోతే మాడదూ?

ఇక మన పని ఏమిటో చెప్పి ముగిస్తాను.

ఆస్పత్రి గుమ్మంలో అడుగుపెట్టగానే కథంతా చెప్పకండి. మూడు ముక్కలు చాలు: ఏమయింది, ఎన్నింటికి మొదలయింది, అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది. పక్షవాతం లక్షణాలున్నవారికి ఎన్నింటికి మొదలయిందన్నది చాలా ముఖ్యం. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు. ఆ తరవాత షుగరుందా, బీపీ వుందా, ఏ మాత్రలు వాడుతున్నారు, గర్భమైతే ఎన్నో నెల అన్నది చెప్పండి. వాడే మందుల చీటీ ఒకటి పర్సులో వుంచుకోండి.

పిల్లల ఊపిరి లెక్కపెట్టడం ఈవేళే నేర్చుకోండి. పాప పడుకున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండునెలల లోపు బిడ్డకి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40, అంతకు చేరితే వేగంగా వున్నట్టే. డొక్కలు లోపలికి ఎగరేస్తూ ఊపిరి తీసినా, పాలు తాగడం మానేసినా ఇక ఆలోచించకండి, బయల్దేరండి.

ఆగమన్నప్పుడు ఆగండి. ఆగినంతసేపూ మీవారిని గమనించండి. చెమట పట్టినా, మత్తు వచ్చినా, ఆయాసం పెరిగినా సిస్టరుకి వెళ్ళి చెప్పండి. అది పోట్లాట కాదు, సాయం. “మేం ముందొచ్చాం” అనేది పోట్లాట. ఆ మాట అంటున్నంతసేపూ సిస్టరు రోగిని చూడ్డం మాని మనకి జవాబు చెబుతూ వుంటుంది.

ఈ శీతాకాలం అరకు వెడితే, ఘాట్ రోడ్డులో తిరిగి పిల్లవాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడని ఆస్పత్రికి వెళ్ళవలసివస్తే, టేబులు దగ్గర చేరేముందు వరండా చివరిదాకా ఒకసారి చూడండి. అక్కడ గోడకి చేరబడి, మాట్లాడకుండా, చేతులు చల్లబడి ఒక తల్లి కూర్చుని వుండవచ్చు. మీరు చూస్తే సిస్టరుకి చెప్పండి, “అమ్మా, ముందు ఆవిడ సంగతి చూడండి” అని. చదువుకున్నవాళ్ళం, ఆ మాత్రం చెయ్యలేమా?

సెలవు.